ఛాంపియన్స్ లీగ్ బాల్ వైజాగ్ గ్రౌండ్లకు నప్పుతుందా: ఏ రకం కొనాలి, గాలి ఎంత కొట్టాలి, ఎక్కడ ఊడుతుంది

యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల టోర్నమెంటు యూఈఎఫ్ఏ ఛాంపియన్స్ లీగ్ చూసేవాళ్లెవరికైనా ఆ నక్షత్రాల బాల్ పరిచయమే. అడిడాస్ తయారుచేసే ఆ బాల్‌ను ఇప్పుడు వైజాగ్‌లో కూడా చాలామంది కొంటున్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు, ఊళ్లో స్పోర్ట్స్ షాపుల్లో అడుగుతున్నారు. అయితే కొన్న నెలకే అంచులు లేచిపోయాయని, గాలి నిలవడం లేదని, రాయిలా తగులుతోందని వచ్చే ఫిర్యాదులు కూడా తక్కువేం కాదు. వాటిలో చాలావరకు బాల్ తప్పు కాదు. ఒక గ్రౌండ్ కోసం చేసిన రకాన్ని ఇంకో గ్రౌండ్‌లో వాడటం వల్ల, గాలి అడ్డదిడ్డంగా కొట్టడం వల్ల వచ్చినవే.

ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మధురవాడ, ఎంవీపీ కాలనీ, గాజువాక వైపున్న కృత్రిమ టర్ఫ్‌ల మీద ఆడేవాళ్లకు "లీగ్" రకం సరైన కొనుగోలు. ఎర్రమట్టి, గులకరాళ్ల గ్రౌండ్ అయితే "ట్రైనింగ్" గానీ "క్లబ్" గానీ తీసుకోవాలి, అంతకు మించి ఖర్చు పెట్టొద్దు. ఆర్కే బీచ్ ఇసుకలో ఆడటానికి వీటిలో ఏదీ చేసింది కాదు. అసలు మ్యాచ్ బాల్ "ప్రో" చాలా గొప్ప వస్తువు, కానీ ఈ ఊళ్లో దాని విలువ రాబట్టగలిగే గ్రౌండ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒకే బొమ్మ, వేరువేరు బాల్స్

షాపులో "ఛాంపియన్స్ లీగ్ బాల్ ఇవ్వండి" అని అడిగితే చేతికొచ్చేది ఏదో ఒక రకం మాత్రమే. ఒకే సీజన్ డిజైన్‌తో ప్రో, కాంపిటిషన్, లీగ్, ట్రైనింగ్, క్లబ్ అనే పేర్లతో బాల్స్ వస్తాయి. పైనున్న రంగులు ఒకటే, లోపలున్న పనితనం పూర్తిగా వేరు. ధరలోనూ అంతే తేడా. ప్రో ఐదంకెల్లోకి వెళ్తుంది. క్లబ్ రకం రెండు వేల రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. లీగ్ ఈ రెంటికీ మధ్యన, కాస్త కింది వైపు ఉంటుంది. పేరు బాల్ మీదే చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంటుంది, వాల్వ్ ఉన్న వైపు తిప్పి చూడండి.

టోర్నమెంటులో ఆడేది ప్రో. 2024-25 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో 36 జట్లు లీగ్ దశలో ఎనిమిదేసి మ్యాచ్‌లు ఆడుతున్నాయి. ప్లేఆఫ్‌లు, నాకౌట్లు కలిపితే ఫైనల్ దాకా మొత్తం 189 మ్యాచ్‌లు. 2025-26 సీజన్‌నే చూడండి. ఆర్కిటిక్ వలయానికి పైనున్న నార్వే ఊరు బోడోలో కృత్రిమ టర్ఫ్ మీద మ్యాచ్‌లు జరిగాయి, కజకిస్తాన్‌లోని అల్మాటీలో జరిగాయి, మాడ్రిడ్‌లో జరిగాయి. చలి, వాన, తడి గడ్డి, పొడి టర్ఫ్, అన్నింటిలోనూ బాల్ ఒకేలా ఎగరాలి, ఒకేలా తిరగాలి. ప్రో మీద పెట్టే డబ్బంతా ఆ ఒకేలా ఉండటానికే. నక్షత్రాలు కూడా అందులో ఊరికే అచ్చువేసిన బొమ్మలు కావు. మామూలు 32 ప్యానెళ్ల (పైపొర ముక్కల) బాల్‌లో పంచభుజాలు ఉండే పన్నెండు చోట్లా ఈ నక్షత్రాలే ప్యానెళ్లుగా కూర్చుంటాయి.

ప్రో, లీగ్ రకాల్లో కుట్టు ఉండదు. లోపలి గుండ్రటి తొడుగు మీద ప్యానెళ్లను వేడితో అతికిస్తారు. సూది కన్నాలు లేవు కాబట్టి వానలో నీళ్లు పీల్చడం చాలా తక్కువ. బాల్స్‌కు ఫిఫా ఇచ్చే పై స్థాయి ముద్ర "క్వాలిటీ ప్రో" పరీక్షలో బాల్‌ను నీళ్లలో నొక్కుతూ తిప్పినా బరువు సగటున 10 శాతం మించి పెరగకూడదు. అంటే 430 గ్రాముల బాల్‌కు 43 గ్రాములు. చవక కుట్టు బాల్‌తో అక్టోబరు తుపాను వానలో అరగంట ఆడి కిచెన్ స్కేల్ మీద పెట్టి చూస్తే ఆ తేడా ఎంత ముఖ్యమో తెలుస్తుంది. తలతో కొట్టే పిల్లలకు అదనంగా పడే భారం అది.

పైపొర సంగతి కూడా చూడాలి. ప్రో, కాంపిటిషన్ రకాలకు వాడే పీయూ (పాలీయురిథేన్) మెత్తగా ఉంటుంది, కాలికి బాల్ అంటుకున్నట్టు అనిపిస్తుంది, కానీ గరుకు నేల మీద తొందరగా గీసుకుపోతుంది. కింది రకాలకు వాడే టీపీయూ కాస్త గట్టిగా, మెరుపుగా ఉంటుంది. తగిలినప్పుడు చప్పుడు ఎక్కువ, కానీ రాపిడికి బాగా నిలుస్తుంది. ట్రైనింగ్, క్లబ్ రకాలు మెషిన్ కుట్టువి. మెషిన్ కుట్టు బాల్ కాలితో తంతే కాస్త బోలుగా, తేలిగ్గా అనిపిస్తుంది. ఎత్తుగా వేసిన షాట్లు గాలిలో ఊగుతాయి. ఆర్కే బీచ్ వైపు నుంచి సాయంత్రం వీచే గాలిలో అది ఇంకా బాగా తెలుస్తుంది.

టర్ఫ్ మీద లీగ్ ఎందుకు

ఊళ్లో ఇప్పుడు ఆట ఎక్కువగా జరిగేది నెట్ కట్టిన అద్దె టర్ఫ్‌ల మీద, ఐదుగురు లేదా ఆరుగురు జట్లుగా. అక్కడ లాంగ్ పాస్ తక్కువ, నేల మీద పాస్ ఎక్కువ, గోడకో నెట్‌కో తగలడం ఇంకా ఎక్కువ. లీగ్ రకంలో అతుకుల పద్ధతి ప్రోకు దగ్గరగా ఉంటుంది, పైపొర టీపీయూ. లోపల గాలి నిలిపే సంచి, అంటే బ్లాడర్, బ్యూటైల్ రబ్బరుది, కాబట్టి ఒకసారి గాలి కొడితే వారాలపాటు పెద్దగా దిగదు. నేల మీద తిన్నగా దొర్లుతుంది, కుట్టు బాల్‌లా గెంతులు వేయదు. ప్రోతో పోలిస్తే తేడా తెలిసేది ఇరవై గజాల పైనుంచి కొట్టే షాట్లలో, గాలిలో తిప్పే ఫ్రీకిక్‌లలో. చిన్న టర్ఫ్ మీద ఆ రెండూ పెద్దగా రావు. అందుకే అక్కడ ప్రో కోసం మూడు నాలుగు రెట్లు పెట్టడం దండగ అని గట్టిగా చెబుతున్నాను.

ఒక జాగ్రత్త. కొన్ని పాత టర్ఫ్‌లలో గడ్డి పోగులు అరిగిపోయి కింది ఇసుక, రబ్బరు గుళ్లు పైకి తేలి ఉంటాయి. అలాంటి చోట ఏ బాల్ అయినా ఉప్పుకాగితం మీద గీసినట్టు అరుగుతుంది. బుక్ చేసుకునే ముందు అరచేతితో టర్ఫ్‌ను ఒకసారి నిమిరి చూడండి. పోగులు వంగి లేస్తుంటే మంచిదే. చేతికి ఇసుకే తగులుతుంటే పాత బాల్ తీసుకెళ్లండి.

ఎర్రమట్టి గ్రౌండ్ల లెక్క వేరు. ఎండాకాలంలో నేల గట్టిపడి సిమెంటులా ఉంటుంది, పైన సన్న గులక పరుచుకుని ఉంటుంది. అతికించిన బాల్ అక్కడ ఎలా పాడవుతుందో దగ్గరగా చూడాలి. మూడు ప్యానెళ్లు కలిసే మూలలు ఉంటాయి కదా, ముందు దెబ్బ తినేది అవే. గులక తగిలి ఒక మూల చివర అర మిల్లీమీటరు లేస్తుంది. గోటితో మెల్లగా నిమిరితే తెలుస్తుంది, కంటికి ఇంకా కనబడదు. ఆ సందులోకి సన్న ఎర్రదుమ్ము చేరుతుంది. తర్వాత వారం అక్కడ ఎర్రటి గీత కనిపిస్తుంది. దుమ్ము చేరిన చోట జిగురు మళ్లీ అతుక్కోదు, తడి పడితే ఇంకా లోపలికి వదులవుతుంది. చివరికి నక్షత్రం కొన నాలుకలా బయటికి వేలాడుతుంది. ఒక ప్యానెల్ అంచు లేచాక బాల్ తిన్నగా ఎగరదు.

కుట్టు బాల్ ఇలా చావదు. దారం అరిగి ఒకచోట తెగితే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర రెండు కుట్లు వేయించుకోవచ్చు, బ్లాడర్‌కు సూది తగలకుండా పైపైన కుట్టమని చెప్పాలి. అందుకే ఎర్రమట్టికి క్లబ్ రకం. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, అలాంటి నేలకు నక్షత్రాల బొమ్మే కావాలనే పట్టు లేకపోతే జలంధర్‌లో తయారయ్యే నీవియా స్టార్మ్ లాంటి రబ్బరు పైపొర బాల్ తక్కువ ధరకే ఎక్కువ కాలం వస్తుంది. స్పర్శ మొరటుగా ఉంటుంది, తలతో కొడితే తెలుస్తుంది. కానీ గట్టి నేల మీద రోజూ ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లకు అదే పనికొస్తుంది.

బీచ్ సాకర్‌కు నియమాల్లోనే వేరే బాల్ ఉంది. చుట్టుకొలత మామూలుదే, 68 నుంచి 70 సెంటీమీటర్లు. బరువు 400 నుంచి 440 గ్రాములు, గాలి మాత్రం 0.4 నుంచి 0.6 బార్ మధ్యనే. ఉత్త కాళ్లతో ఆడే ఆట కదా, మెత్తగా ఉండాలి. రుషికొండలోనో ఆర్కే బీచ్‌లోనో క్లబ్ రకం బాల్‌తో ఆడక తప్పదనుకుంటే గాలి 0.5కు దించి ఆడండి. ఆట అయ్యాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. ఉప్పు కుట్టు దారంలో ఉండిపోతే దారం పెళుసుబారుతుంది.

"సాలా" అని రాసి ఉన్న బాల్ కనిపిస్తే అది ఇండోర్‌లో ఆడే ఫుట్‌సాల్‌ది. 62 నుంచి 64 సెంటీమీటర్ల చిన్న బాల్, బరువు మాత్రం 400 గ్రాములకు పైనే. కావాలనే తక్కువ ఎగిరేలా చేస్తారు. ఇండోర్ చెక్క నేలకు తప్ప కొనొద్దు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు నాలుగో సైజు, ఐదో సైజు కాదు. పెద్ద బాల్ ఇస్తే పిల్లలు కాలివేళ్లతో పొడవడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు తర్వాత పోదు.

గాలి: సగం ఫిర్యాదులు ఇక్కడే

ఆట నియమాల ప్రకారం సముద్రమట్టం దగ్గర బాల్‌లో గాలి 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్, పంపు గేజి భాషలో 8.5 నుంచి 15.6 పీఎస్ఐ. వైజాగ్ సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి ఈ అంకెలు యథాతథంగా పనికొస్తాయి. వాల్వ్ పక్కన కంపెనీ అచ్చువేసిన హద్దులు కూడా ఉంటాయి, అవి దాటొద్దు.

ఈ హద్దుల్లోనే ఎంత ఉంచాలన్నది నేలను బట్టి. చిన్న టర్ఫ్ మీద 9 నుంచి 10 పీఎస్ఐ చాలు. అంతకు మించితే బాల్ నెట్ దాకా గెంతుతూనే ఉంటుంది, కంట్రోల్ దొరకదు. ఎర్రమట్టి మీద కూడా 9 చుట్టూనే ఉంచండి, గట్టి నేల ఎలాగూ దాన్ని పైకి లేపుతుంది, పైగా గాలి ఎక్కువుంటే అతుకులు బిగిసి ఉండి గులక దెబ్బకు తొందరగా లేస్తాయి. పచ్చగడ్డి ఉన్న పెద్ద గ్రౌండ్ అయితే 11 నుంచి 13.

ఇప్పుడు ఎండ సంగతి. ఏసీ గదిలో 24 డిగ్రీల దగ్గర 11.6 పీఎస్ఐ, అంటే 0.8 బార్ కొట్టారనుకోండి. మే నెలలో టచ్‌లైన్ పక్కన ఎండలో పెట్టిన బాల్ 50 డిగ్రీలకు చేరితే లోపలి ఒత్తిడి లెక్క ప్రకారం దాదాపు 14 పీఎస్ఐ అవుతుంది. బయటి వాతావరణ ఒత్తిడి 14.7ను కలుపుకుని లెక్కవేయాలి, అందుకే పెరుగుదల అంత ఉంటుంది. అదే ఏసీ గదిలో ఒక బార్, అంటే 14.5 కొట్టి తీసుకెళ్తే ఎండలో 17కు చేరుతుంది, నియమాల హద్దు దాటినట్టే. వేడికి జిగురు మెత్తబడే సమయంలోనే ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో బాల్ వదిలేస్తే అతుకులు ఊడేది ఇందుకే. ఎండాకాలంలో గ్రౌండ్‌కు వెళ్లాక, నీడలో పది నిమిషాలు ఉంచి అక్కడే గాలి సరిచూసుకోండి.

పంక్చర్ షాపు కంప్రెసర్‌తో బాల్‌కు గాలి కొట్టించడం ఊళ్లో మామూలు. ఇది మానేయాలి. బైకు టైరుకు 28 నుంచి 33 పీఎస్ఐ పడుతుంది, ఆ గేజి మీద 10 దగ్గర గుర్తులు సరిగా కనిపించవు కూడా. కంప్రెసర్ గాలి రెండు క్షణాల్లో 20 దాటిస్తుంది. ఒకసారి అలా ఉబ్బిన బాల్ మళ్లీ అసలు చుట్టుకొలతకు రాదు. గాలి దించి తర్వాత సరిగా కొట్టినా టేపు పెడితే 70 సెంటీమీటర్లు దాటి చూపిస్తుంది, ఒకవైపు గుడ్డులా పొంగుతుంది. చిన్న చేతిపంపు, గేజి కలిపి కొంటే ఒక బాల్ ధరలో చిన్న వాటాకే వస్తాయి. గేజి సూది పెట్టి తీసినప్పుడల్లా కాస్త గాలి పోతుంది కాబట్టి కావలసినదానికి అర పీఎస్ఐ ఎక్కువ కొట్టి ఆపండి.

సూది పెట్టే పద్ధతికి ఒక వరస ఉంది. వాల్వ్ చుట్టూ తడిగుడ్డతో తుడవాలి, ముఖ్యంగా ఇసుక ఉంటే. లేకపోతే ఆ రేణువు సూదితోపాటు వాల్వ్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది, తర్వాత సన్నగా గాలి పోతూనే ఉంటుంది. సూదికి రెండు చుక్కలు గ్లిజరిన్ రాయాలి, మందుల షాపులో దొరుకుతుంది. కొబ్బరినూనె, బండి ఆయిల్, వాసెలిన్ వద్దు, రబ్బరును పాడుచేస్తాయి. సూదిని నిటారుగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ దించాలి. పక్కకు వంచి పొడిస్తే వాల్వ్ చీలుతుంది, గాలి పూర్తిగా దిగిన బాల్‌లో పొడి సూదితో బలంగా నొక్కితే వాల్వే లోపలికి జారిపోతుంది. అలా జారితే అతికించిన బాల్‌ను బాగుచేయడం దాదాపు అసాధ్యం. సముద్రపు గాలికి సూదులు తుప్పు పడతాయి. తుప్పు గరుకు వాల్వ్‌ను లోపల కోసేస్తుంది, కాబట్టి సూదిని నాలుగు నెలలకోసారి మార్చండి. పది ఇరవై రూపాయల వస్తువు.

గాలి పోతోందని అనుమానం వస్తే ముందు వాల్వ్ మీద సబ్బునీళ్లు ఒక చుక్క వేసి చూడండి. బుడగ లేస్తే గ్లిజరిన్ రాసిన సూదిని రెండు మూడుసార్లు తిప్పి తీయండి, ఇసుక వల్ల అయితే అక్కడితో సర్దుకుంటుంది. బుడగ లేకుండానే రోజు గడిచేసరికి మెత్తబడుతుంటే బ్లాడర్ ఏ రకమో చూసుకోవాలి. లేటెక్స్ బ్లాడర్ బాల్స్ సహజంగానే రెండు మూడు రోజుల్లో గాలి వదులుతాయి, అది లోపం కాదు. బ్యూటైల్ అయి ఉండి అలా జరిగితే మార్పించుకోవాలి. బిల్లు దాచుకోండి, సూది గుచ్చిన గాయం కనిపిస్తే మార్చరు.

షాపులో చూడాల్సినవి

నకిలీలు చాలా ఉన్నాయి, కొన్ని చూడటానికి ముచ్చటగా ఉంటాయి కూడా. గుర్తుపట్టడానికి గట్టి ఆధారం ఫిఫా ముద్ర. ఇప్పుడు వాడుకలో ఉన్నవి "ఫిఫా క్వాలిటీ ప్రో", "ఫిఫా క్వాలిటీ", "ఫిఫా బేసిక్". "ఫిఫా అప్రూవ్డ్", "ఫిఫా ఇన్‌స్పెక్టెడ్" అనే పాత పేర్లు ఎప్పుడో మారిపోయాయి. ఈ ఏడాది డిజైన్ మీద "అప్రూవ్డ్" అని ఉంటే అది నకిలీ, ఇంకేం చూడక్కర్లేదు. "ప్రో" అనో "అఫీషియల్ మ్యాచ్ బాల్" అనో రాసి ఉండి ప్యానెళ్ల మధ్య కుట్టు కనిపించినా అంతే. క్లబ్ రకం మీద క్వాలిటీ ప్రో ముద్ర ఉన్నా నమ్మొద్దు.

పెట్టె మీదో ట్యాగు మీదో ఎమ్మార్పీ, దిగుమతిదారు పేరు చిరునామా, తయారైన దేశం, తయారైన నెల, సంవత్సరం ఉండాలి. ప్యాకింగ్ సరుకులకు ఇది చట్టం. ఆ నెల, సంవత్సరం చూడటం అలవాటు చేసుకోండి. గోడౌన్ వేడిలో మూడేళ్లు ఉన్న బాల్ మీద గీత లేకపోయినా లోపల జిగురు, వాల్వ్ రబ్బరు ముసలివైపోతాయి. పీవీసీ ఘాటు వాసన వస్తుంటే పక్కన పెట్టేయండి.

మిగతాది టేపుతో, తూకంతో తేలుతుంది. దర్జీ టేపుతో మూడు దిక్కులా చుట్టుకొలత తీయండి. 68 నుంచి 70 మధ్య ఉండాలి, క్వాలిటీ ప్రో అయితే 68.5 నుంచి 69.5. మూడు కొలతల మధ్య సెంటీమీటరుకు మించి తేడా ఉంటే గుండ్రం సరిగా లేనట్టు. ఇంటికొచ్చాక కిచెన్ స్కేల్ మీద గిన్నె పెట్టి సున్నా చేసి బాల్ తూచండి, 410 నుంచి 450 గ్రాములు, క్వాలిటీ ప్రోకు 420 నుంచి 445. తలుపు ఎత్తు, అంటే రెండు మీటర్ల నుంచి గట్టి నేల మీదికి వదిలితే మంచి బాల్ 135 నుంచి 155 సెంటీమీటర్లు లేస్తుంది. ఫిఫా ఈ పరీక్షను ఉక్కు పలక మీద 20 డిగ్రీల దగ్గర చేస్తుంది కాబట్టి ఇంట్లో ఐదారు సెంటీమీటర్ల తేడాను పట్టించుకోవద్దు. కానీ ఒకేచోట ఐదుసార్లు వదిలినా ప్రతిసారీ ఒక్కో పక్కకు గెంతుతుంటే మాత్రం తిరిగిచ్చేయండి.

ధర తగ్గే సమయం కూడా తెలుసుకుంటే మంచిది. లీగ్ దశ సెప్టెంబరు నుంచి జనవరి దాకా, ఆ దశకు ఒక డిజైన్. ఫిబ్రవరిలో నాకౌట్లు మొదలయ్యే వేళకు కొత్త డిజైన్ వస్తుంది. అప్పుడు పాతదాని ధర దించుతారు, పనితనం అదే. రంగు ముఖ్యం కాని టీములు, అకాడమీలు అర డజను కలిపి కొనడానికి ఫిబ్రవరి, మార్చి సరైన కాలం. బేరం కూడా అప్పుడే కుదురుతుంది.

ఊడిన అంచును అతికించడం

లీగ్ బాల్ అంచు ఒకటి లేచిందని పారేయక్కర్లేదు. దుమ్ము లోపలికి చేరకముందే చేయాలి. గాలి సగానికి దించండి, పూర్తిగా కాదు. లేచిన అంచు కింద సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. బూట్ల సోలు అతికించే పాలీయురిథేన్ బంకను అగ్గిపుల్ల చివరతో రెండు వైపులా పలచగా రాయండి. పది నిమిషాలు ఆగి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు నొక్కి, గుడ్డ పట్టీతో బిగించి ఒక రోజు కదపకుండా ఉంచాలి. తర్వాతే గాలి. క్షణాల్లో అతికే ఫెవిక్విక్ లాంటి బంక వాడొద్దు. అది గాజులా గట్టిపడుతుంది, మొదటి తన్నుకే పగిలి పక్కనున్న ప్యానెల్‌ను కూడా లాగేస్తుంది.

ఇలా అతికించిన బాల్ మ్యాచ్‌కు పనికిరాకపోయినా పాసింగ్ ప్రాక్టీస్‌కు చాలాకాలం వస్తుంది. మూడుకు మించి అంచులు లేచినా, లోపలి నేత గుడ్డ కనిపించినా ఇంక అతికించి లాభం లేదు. గుడ్డ పొర తెగితే బ్లాడర్ అక్కడ బుడిపెలా పొంగుతుంది, ఆ స్థితిలో గాలి కొట్టడం ప్రమాదం కూడా. వానాకాలం శెలవుల్లో బాల్స్ పక్కన పెట్టేటప్పుడు గాలి 6 పీఎస్ఐకి దించి, గోనెసంచిలో కాకుండా నెట్ బ్యాగులో, గోడకు ఆనకుండా వేలాడదీయండి. తేమకు బూజు పట్టేది సంచి అడుగున పడి ఉన్న బాల్స్‌కే.